కాపుకొచ్చిన కొబ్బరికి రోజుకు 50 లీటర్లా, 280 లీటర్లా? పామ్ తోటల నీటి లెక్క

మట్టనీడ (ప్రశ్న):

అందరికీ నమస్కారం. రెండు బ్లాకులకు నీటి లెక్క కావాలి. మొదటిది 7.5 × 7.5 మీటర్ల ఎడంలో ఉన్న కాపు కొబ్బరి. రెండోది 5 × 5 మీటర్లలో వేసిన అసాయి అనే పామ్ చెట్లు. రెండేళ్ల మొక్కలు, ఒక్కో దుబ్బుకు మూడు నాలుగు కాండాలు. రెండు చోట్లా గరప నేల, లోతు 90 సెంటీమీటర్లు, దాని కింద గట్టి పొర. ప్రతి మొదలుకూ గంటకు 8 లీటర్ల డ్రిప్పర్లు నాలుగు, మీటరు దూరంలో పెట్టి ఉన్నాయి. బోరు నీటి ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత) మీటరుకు 1.8 డెసీసీమెన్స్. అక్షాంశం ఉత్తరంగా 16 డిగ్రీలు. ఎండ నెలలో గరిష్ఠం 36, కనిష్ఠం 24 ఉంటుంది, గాలి పెద్దగా ఉండదు. వాతావరణ యంత్రం లేదు, ఉష్ణోగ్రతలు మాత్రమే ఉన్నాయి.

కొబ్బరికి డ్రిప్ మీద రోజుకు 50 లీటర్లు చాలని చాలాచోట్ల రాసి ఉంది. ఈటీ (నేల నుంచి, ఆకుల నుంచి ఆవిరయ్యే నీరు) పద్ధతిలో లెక్కేస్తే 280 లీటర్ల దాకా వస్తోంది. ఒకటికి అయిదు రెట్లు తేడా. ఏది నమ్మాలి? అసాయికి ఎంత పెట్టాలి? డ్రిప్ ఎన్ని గంటలు నడపాలి? ఈ ఈసీ ఉన్న నీరైతే లీటర్లు అదనంగా ఏమైనా కలపాలా?


మిల్లీమీటరు:

రెండు అంకెలూ తప్పు కాదండి. వాటి కింద ఉన్న వైశాల్యం వేరు. లీటర్లలో పోల్చినంతకాలం ఈ తగవు తేలదు, ముందు రెండింటినీ మిల్లీమీటర్లలోకి తెచ్చుకోండి. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే సరిగ్గా ఒక లీటరు.

మొదట ఈటీఓ, అంటే నీటి కొరత లేని పచ్చగడ్డి నేల నుంచి రోజుకు ఆవిరయ్యే నీరు. ఉష్ణోగ్రతలు తప్ప ఇంకేమీ లేనప్పుడు హార్‌గ్రీవ్స్ సూత్రమే దిక్కు: 0.0023 × (సగటు ఉష్ణోగ్రత + 17.8) × (గరిష్ఠ కనిష్ఠాల తేడాకు వర్గమూలం) × వాతావరణం పైఅంచున పడే సౌరశక్తి. ఆ సౌరశక్తి పట్టికల్లో మెగాజౌళ్లలో ఉంటుంది, 0.408తో గుణిస్తే మిల్లీమీటర్లు అవుతుంది. మీ అక్షాంశానికి ఏప్రిల్‌లో సుమారు 38 మెగాజౌళ్లు, అంటే 15.5 మిల్లీమీటర్లు. 0.0023 × 47.8 × 3.46 × 15.5 కడితే రోజుకు 5.9 మిల్లీమీటర్లు వస్తుంది. గాలి సెకనుకు 3 మీటర్లు దాటే చోట ఈ సూత్రం తక్కువ చూపిస్తుంది, తేమ బాగా ఎక్కువున్న చోట ఎక్కువ చూపిస్తుంది. మీ గాలి తక్కువంటున్నారు కాబట్టి పనికొస్తుంది.

తర్వాత కేసీ, అంటే ఏ పంటకు ఈటీఓను ఎంతతో గుణించాలో చెప్పే గుణకం. 1998 నాటి ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) 56వ సంపుటి పట్టికలో 'పామ్ చెట్లు' అన్న వరుసకు మొదట్లో 0.95, ఆపైన 1.00 ఉంది. ఖర్జూరానికి 0.90 నుంచి 0.95. కొబ్బరికి 1.00 తీసుకోండి.

ఇక్కడ చాలామంది ఆగిపోయి 5.9ని నేరుగా 56.25 చదరపు మీటర్లతో గుణించేస్తారు, 332 లీటర్లు వస్తుంది. అది నేలంతా నీడ కమ్మిన తోట లెక్క. మిట్టమధ్యాహ్నం రెండు వరుసల మధ్య అడ్డంగా టేపు పరిచి, టేపులో ఎంత భాగం నీడలో ఉందో చూడండి. నాలుగైదు చోట్ల చూసి సగటు తీయండి. కాపు కొబ్బరిలో 70 శాతం వచ్చిందనుకుందాం. డ్రిప్ లెక్కల్లో వాడే తగ్గింపు గుణకం 0.1 × √70, అంటే 0.84. 5.9 × 1.00 × 0.84 = 4.9 మిల్లీమీటర్లు. దాన్ని 56.25తో గుణిస్తే 278 లీటర్లు. మీ 280 ఇదే.

ఇప్పుడు 50 లీటర్ల సంగతి. అలాంటి సిఫారసులు ఎక్కువగా పాదు వైశాల్యం మీద కట్టినవి. 1.8 మీటర్ల వ్యాసార్ధం ఉన్న పాదు 10.2 చదరపు మీటర్లు. మీ ఈటీఓకి బాష్పీభవన పాత్రలో (నీళ్లు ఎంత ఆవిరవుతాయో కొలిచే తెరిచిన పాత్ర) సుమారు 8.4 మిల్లీమీటర్లు పోతాయి. దానిలో 66 శాతం ఇస్తే 5.5 మిల్లీమీటర్లు, పాదు మీద 57 లీటర్లు. అదే నీటిని చెట్టు మొత్తం స్థలం మీద పరిస్తే రోజుకు ఒక్క మిల్లీమీటరే.

అయినా ఆ సిఫారసుతో తోటలు బతుకుతున్నాయి కదా అంటారు. బతుకుతాయి, ఎందుకంటే వానల తర్వాత వరుసల మధ్య నేలలో నిల్వ ఉన్న తేమను కూడా చెట్టు తాగుతుంది. మీ గరప నేలలో మీటరు లోతుకు సుమారు 130 మిల్లీమీటర్ల అందుబాటు తేమ ఉంటుంది. 90 సెంటీమీటర్లకు 117. పామ్ చెట్లకు అందులో 65 శాతం దాకా ఇబ్బంది లేకుండా వాడుకోవచ్చని అదే పట్టికలు చెబుతాయి, అంటే 76 మిల్లీమీటర్లు. చెట్టు రోజుకు 4.9 తాగుతూ, మీరు 1 ఇస్తూ ఉంటే, నిల్వ నుంచి రోజుకు 3.9 పోతుంది. 76ని 3.9తో భాగిస్తే 19 రోజులు. అంటే చివరి మంచి వాన తర్వాత మూడు వారాల లోపు 50 లీటర్లు నిజంగానే చాలు. ఆ తర్వాత అదే 50 లీటర్లు చెట్టు ప్రాణం నిలపడానికి తప్ప కాపు నిలపడానికి సరిపోవు. రెండు మూడు నెలలు వాన లేని చోట, 90 సెంటీమీటర్ల దగ్గర గట్టి పొర ఉన్న నేలలో దాన్నే నమ్ముకుంటే దెబ్బ తప్పదు. వరుసల మధ్య గడ్డి బలంగా ఉంటే ఆ 19 రోజులు కూడా ఉండవు.


పీచువేరు:

లెక్క బాగుంది. కానీ 278ని లక్ష్యంగా పెట్టుకోవద్దు, పైహద్దుగా పెట్టుకోండి.

కేసీ 1.00 అన్నది నీటికి ఏ కొరతా లేని, గాలి మరీ పొడిగా లేని పరిస్థితికి. కొబ్బరి, ఆయిల్‌పామ్ లాంటి తేమ ప్రాంతపు పామ్ చెట్లు గాలి పొడిబారితే నేలలో నీళ్లున్నా ఆకు రంధ్రాలు బిగిస్తాయి. ఆయిల్‌పామ్‌లో ఆవిరి పీడన లోటు (గాలి ఎంత పొడిగా ఉందో చెప్పే కొలత) 1.8 కిలోపాస్కల్ దాటగానే ఇది మొదలవుతుంది. 36 డిగ్రీల దగ్గర గాలిలో తేమ 40 శాతం ఉంటే ఆ లోటు 3.5 దాటుతుంది. కాబట్టి మీ ఎండ నెలలో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా చెట్టు సగం మూసుకునే ఉంటుంది. ఆ వేళ ఎంత నీరు పోసినా ఆకు గుండా పోదు, వేర్ల కిందికి పోతుంది. ఖర్జూరం కథ వేరు, అది ఎడారి గాలికి పుట్టిన చెట్టు. దాని అంకెలు తెచ్చి కొబ్బరికి, అసాయికి అంటించకూడదు, వీటివి దానికీ అంటించకూడదు.

నా సలహా 278లో 75 శాతంతో, అంటే 210 లీటర్లతో మొదలుపెట్టి మట్టిని చూసి సర్దుకోవడం. గాలి తేమగా ఉండే తీర ప్రాంతమైతే అదే ఎండకు 90 శాతం నుంచి మొదలుపెడతాను.

ఇంకోటి. పామ్ చెట్టును కంటితో చూసి నీళ్లు పెడదామనుకుంటే ఆలస్యమైపోతుంది. ఇది ఏకదళ బీజ చెట్టు. కాండంలో చాలా నీరు దాచుకుంటుంది, ఆకులు గట్టివి, మామిడిలాగా వాడి చూపించదు. ఆయిల్‌పామ్‌లో తొలి గుర్తు విచ్చుకోని మొవ్వాకులు పోగుపడటం. ఒకటో రెండో ఉండాల్సిన చోట మూడు నాలుగు నిలబడితే నీరు చాలట్లేదని అర్థం. కింది మట్టలు వేలాడి ఎండటం దాని తర్వాత వస్తుంది. కొబ్బరిలో ముందు పిందె రాలుతుంది, గెలలో కాయలు తగ్గుతాయి. కానీ అసలు నష్టం అప్పుడు కనపడదు. కొబ్బరి పూగెల మొవ్వు లోపల రూపం కట్టుకున్నప్పటి నుంచి కాయ ముదిరేదాకా సుమారు 44 నెలలు. ఆయిల్‌పామ్‌లో గెల ఆడదా మగదా అన్నది కోతకు దాదాపు రెండేళ్ల ముందే తేలుతుంది, ఆ సమయంలో నీరు తగ్గితే మగ గెలలు పెరుగుతాయి. అందుకే నీరు తగ్గించిన ఏడాది దిగుబడి బాగానే ఉంటుంది, 'చూశారా, ఏం కాలేదు' అంటారు. దెబ్బ రెండో ఏట, మూడో ఏట తగులుతుంది, అప్పుడు తప్పు ఎరువు మీదికి పోతుంది.


వాల్వుతిప్పు:

లీటర్ల తగవు మీరిద్దరూ తేల్చుకోండి. 210 అయినా 278 అయినా నాలుగు డ్రిప్పర్లతో కుదరదు, అది ముందు చూడాలి.

గరప నేలలో 8 లీటర్ల డ్రిప్పరు కింద తడి సుమారు మీటరు వెడల్పున పరుచుకుంటుంది. ఒక్కోటి 0.785 చదరపు మీటర్లు, నాలుగింటికి 3.1. చెట్టుకున్న 56.25లో 5.6 శాతం. ఇంత ఎడం పంటలకు కనీసం మూడోవంతు తడవాలని డ్రిప్ డిజైన్ లెక్కల్లో చూస్తారు. ఆ 3.1 చదరపు మీటర్ల కింద 90 సెంటీమీటర్ల మట్టిలో 65 శాతం వాడకం కింద ఉండేది 236 లీటర్లు మాత్రమే. మీరు రోజూ ఇవ్వాల్సింది దాదాపు అంతే. అంటే ప్రతి రోజూ ఆ మట్టి అడుగంటి మళ్లీ నిండాలి. కరెంటు ఒక్కరోజు పోతే చెట్టుకు నిల్వ లేదు. రెండు రోజుల నీళ్లు కలిపి ఒకేసారి ఇస్తే సగం 90 సెంటీమీటర్ల కిందికి పోతుంది. మీకు గట్టి పొర ఉంది కాబట్టి పోవడం కూడా కాదు, అక్కడే నిలబడి వేర్లు కుళ్లబెడుతుంది. మొదటి తప్పు ఇక్కడ జరుగుతుంది: చెట్టు చాలదంటోందని గంటలు పెంచుతారు, తడిసే మట్టి మాత్రం అంతే ఉంటుంది.

ఉన్న లేటరల్‌కు (డ్రిప్పర్లుండే సన్న పైపుకు) ఇంకో ఉంగరం కలిపి 1.8 మీటర్ల దూరంలో 8 డ్రిప్పర్లు పెడితే మొత్తం 12 అవుతాయి, 9.4 చదరపు మీటర్లు తడుస్తుంది, నిల్వ 715 లీటర్లు. మూడు రోజుల సరుకు. అంతకన్నా మేలు చెట్టుకు రెండు మైక్రోజెట్లు (నీటిని తుంపరగా చిమ్మేవి), గంటకు 70 లీటర్లవి, రెండూ కలిసి 2.5 మీటర్ల వ్యాసార్ధం తడిపేలా. 19.6 చదరపు మీటర్లు, 35 శాతం. నిల్వ దాదాపు 1,490 లీటర్లు. రెండు రోజులకోసారి ఇచ్చినా నిశ్చింత. గంటకు 140 లీటర్లు ఆ వైశాల్యం మీద 7 మిల్లీమీటర్లే, గరప నేల సునాయాసంగా పీల్చుకుంటుంది. జెట్ నీళ్లు కాండాన్ని కొట్టకుండా తిప్పి పెట్టండి. మొదలు ఎప్పుడూ తడిగా ఉంటే కుళ్లు తెగుళ్లకు మనమే దారి వేసినట్టు.

గంటల లెక్క. 210ని పంపకపు సమానత్వంతో భాగించాలి. అది ఊహించి రాయొద్దు, కొలవండి. ఒక సెక్షన్‌లో వాల్వు దగ్గర, మధ్యలో, చివర కలిపి 16 చోట్ల గిన్నెలు పెట్టి 6 నిమిషాలు పట్టండి. 8 లీటర్ల డ్రిప్పరుకు 800 మిల్లీలీటర్లు రావాలి. అన్నింటి సగటు 760, తక్కువ వచ్చిన నాలుగింటి సగటు 640 అయితే 640 ÷ 760 = 84 శాతం. 80 కన్నా తగ్గితే ముందు ఫిల్టరు, ప్రెషరు చూసుకోవాలి, గంటలు పెంచితే వాల్వు దగ్గరి చెట్లు మునుగుతాయి, చివరివి అలాగే ఎండుతాయి. 0.85 అనుకుంటే 210 ÷ 0.85 = 247 లీటర్లు. రెండు జెట్లతో రోజుకు గంటా 46 నిమిషాలు, లేదా రోజు విడిచి రోజు మూడున్నర గంటలు. ఇప్పుడున్న నాలుగు డ్రిప్పర్లతో అయితే 7 గంటల 43 నిమిషాలు, అదీ ప్రతిరోజూ.

బోరు తట్టుకుంటుందా చూడండి. హెక్టారుకు 177 చెట్లు × 247 = సుమారు 43,700 లీటర్లు రోజుకు. జెట్లన్నీ ఒకేసారి తెరిస్తే గంటకు 24,800 లీటర్లు కావాలి. బోరు గంటకు 10,000 ఇస్తుంటే హెక్టారును మూడు సెక్షన్లు చేయాలి, ఒక్కోదానికి గంటా 46 నిమిషాల చొప్పున అయిదు గంటల ఇరవై నిమిషాల్లో పని అయిపోతుంది. తెల్లవారుజామున పూర్తయ్యేలా పెట్టండి, జెట్ తుంపర గాలికి, ఎండకు పోకుండా.


మట్టనీడ:

చాలా ఉపయోగపడింది. కొబ్బరికి జెట్లే వేస్తాను. మూడు సందేహాలు మిగిలాయి. మధ్యలో 12 మిల్లీమీటర్ల వాన పడితే ఎన్ని రోజులు ఆపాలి? మొదళ్ల చుట్టూ పీచుడొప్పలు, ఎండు మట్టలు పరిస్తే నీరు ఎంత తగ్గించవచ్చు? అసాయికి మూడు కాండాలుంటే మూడింతలు ఇవ్వాలా?


మిల్లీమీటరు:

వాన సంగతి. మొదటి రెండు మూడు మిల్లీమీటర్లు కాపు తోటలో మట్టలే తడిపి ఆవిరైపోతాయి. ఈటీఓలో అయిదో వంతు కన్నా చిన్న వానను, అంటే మీకు 1.2 మిల్లీమీటర్ల లోపు వానను, బయలులో కూడా లెక్కలోకి తీసుకోకూడదు. మట్టల కింద ఇంకా ఎక్కువే వదిలేయాలి. 12లో 9 నేలకు చేరిందనుకోండి. రోజుకు మీరిచ్చే నికరం 210 ÷ 56.25, అంటే 3.7 మిల్లీమీటర్లు. 9 ÷ 3.7 = రెండున్నర రోజులు. రెండు రోజులు ఆపి మూడో రోజు మామూలుగా మొదలుపెట్టండి. పెద్ద వానకు హద్దు నేల నిల్వే: 120 మిల్లీమీటర్లు పడితే 120ని 3.7తో భాగించకూడదు. అప్పటికి నేలలో ఖాళీ ఎంత ఉందో అంతే లెక్క, ఎక్కువలో ఎక్కువ 76.

పరుపు వేస్తే తగ్గేది నేల మీది ఆవిరి మాత్రమే, ఆకు తాగేది తగ్గదు. ఎఫ్‌ఏఓ వాడే స్థూల నియమం ప్రకారం నేలలో ప్రతి 10 శాతం కప్పితే నేల ఆవిరి 5 శాతం తగ్గుతుంది. కాపు తోటలో నేల ఆవిరి వాటా చిన్నది కాబట్టి మొత్తం నీటిలో కోత చిన్నదే ఉంటుంది. లేత తోటలో, అందునా జెట్ల కింద, తేడా బాగా తెలుస్తుంది. ఎండు డొప్పలు మొదట పెట్టిన నీళ్లు తామే తాగేస్తాయి, కాబట్టి పరిచిన వెంటనే గంటలు తగ్గించకండి, అవి తడిసి కుదురుకోనివ్వండి.

దుబ్బుకు మూడింతలు ఇవ్వక్కర్లేదు. లెక్క స్థలానిది, కాండాలది కాదు. 5 × 5 అంటే దుబ్బుకు 25 చదరపు మీటర్లు, అందులో నీడ ఎంతో అదే. రెండేళ్ల దుబ్బు నీడ 2 మీటర్ల వెడల్పుంటే 3.14 చదరపు మీటర్లు, 12.6 శాతం. వర్గమూలం పద్ధతిలో 0.355 × 5.9 = 2.1 మిల్లీమీటర్లు, 52 లీటర్లు. నీడను 0.85తో భాగించే పాత పద్ధతిలో 0.148 × 5.9 = 0.87 మిల్లీమీటర్లు, 22 లీటర్లు. ఈ తేడాకు భయపడకండి. మొదటి పద్ధతి చుట్టూ ఎండిన నేల వేడిని, తడి నేల ఆవిరిని కలుపుకుంటుంది, రెండోది దాదాపు ఆకు తాగేదే చూస్తుంది. పరుపు వేసి, పక్కన అరటి లాంటి నీడ ఉంటే 25 నుంచి 30, బయలులో ఎండకు ఉంటే 45 దాకా. నేనైతే 35 దగ్గర మొదలుపెడతాను. నెలకోసారి నీడ వెడల్పు కొలిచి అంకె మార్చుకోండి. లేత తోటలో తప్పు జరిగేది ఇక్కడే, నాటిన ఏడాది పెట్టిన టైమరు మూడో ఏడాదీ అదే ఉంటుంది.

ఆయిల్‌పామ్ వాళ్లు ఇది చదువుతుంటే ఒక మాట. 9 మీటర్ల త్రిభుజంలో నాటితే చెట్టు స్థలం 81 కాదు, 81 × 0.866 = 70 చదరపు మీటర్లు. హెక్టారుకు 143 చెట్లు రావడం దానివల్లే. 81 పెట్టి లెక్కేస్తే 15 శాతం ఎక్కువ నీళ్లు పోతాయి.


పీచువేరు:

అసాయికి ఇంకో జాగ్రత్త. అది అమెజాన్ ముఖద్వారపు వరద నేలల చెట్టు. నీటిలో వేర్లు మునిగినా ఊపిరి పీల్చుకునే ఏర్పాటు దానికుంది, నీటి ఎద్దడిని తట్టుకునే ఏర్పాటు లేదు. కాబట్టి కొబ్బరికి వాడిన 65 శాతాన్ని దీనికి వాడొద్దు. పైపొర తేమలో 35 నుంచి 40 శాతం తగ్గగానే నీళ్లు పడాలి. రెండేళ్ల దుబ్బుకు డ్రిప్పర్లు మీటరు దూరంలో ఉండటం కూడా ఎక్కువ దూరం, నీడ అంచుకు పోయినట్టు. 40–50 సెంటీమీటర్లకు దగ్గరికి తెచ్చి, మొక్క పెరిగేకొద్దీ బయటికి జరపండి. ఇచ్చేదాన్ని పొద్దునా సాయంత్రమూ రెండు విడతలు చేయండి.

ఉప్పు లెక్క. డ్రిప్ కింద లీచింగ్ వాటా (ఉప్పును వేర్ల కిందికి కడగడానికి అదనంగా ఇచ్చే నీరు) = నీటి ఈసీ ÷ (2 × పంట దిగుబడి సున్నాకు పడిపోయే నేల ఈసీ). ఖర్జూరానికి ఆ అంకె 32, కాబట్టి 1.8 ÷ 64, మూడు శాతం కూడా లేదు. ఖర్జూరం దిగుబడి తగ్గడం మొదలయ్యేదే నేల ఈసీ 4 దాటాక. కొబ్బరికి జాగ్రత్తగా 16 పెట్టినా 5.6 శాతమే. పది శాతం లోపు వస్తే విడిగా కలపనక్కర్లేదు, 0.85తో భాగించినప్పుడు వెళ్లే నీరే ఆ పని చేస్తుంది. అసాయికి మాత్రం 8 పెట్టుకుని నడపండి: 1.8 ÷ 16 = 11 శాతం. 35 ÷ (0.85 × 0.89) = 46 లీటర్లు. మీ 32 లీటర్ల గంటతో గంటన్నర కన్నా కాస్త తక్కువ.

కొబ్బరికి, ఆయిల్‌పామ్‌కు క్లోరైడు పోషకమే, కాబట్టి ఈసీ మీటరు చూసి బెదరనక్కర్లేదు. సోడియం ఎక్కువైతేనే గరప నేల పైన పెచ్చు కట్టి నీరు దిగదు. నీటి పరీక్షలో సోడియం నిష్పత్తి కూడా అడగండి.

డ్రిప్ తడి అంచున తెల్లగా ఉప్పు పేరుకోవడం మామూలే. ప్రమాదం తొలకరి చిన్న వానలో ఉంది, అది ఆ ఉప్పును లోపలికి, వేర్ల మీదికి నెడుతుంది. వాన వచ్చిందని డ్రిప్ ఆపేయకుండా ఆ మొదటి జల్లుల రోజుల్లో నడపండి, ఉప్పు బయటికే ఉంటుంది. మిల్లీమీటరు గారు చెప్పిన రెండు రోజుల ఆపడం ఆ తర్వాతి వానలకు. రెండు మూడు వానలు పడి 50–60 మిల్లీమీటర్లు దిగేదాకా ఆగండి.


వాల్వుతిప్పు:

చివరికి ఈ లెక్కలన్నీ మట్టి దగ్గర సరిచూసుకోవాలి. కొబ్బరి బ్లాకులో రెండు చోట్ల, ఒక్కోచోట రెండు టెన్సియోమీటర్లు (మట్టి నీటిని ఎంత గట్టిగా పట్టుకుందో చూపేవి, అంకె పెరిగితే నేల ఎండుతున్నట్టు) పెట్టండి, ఒకటి 30, ఇంకోటి 75 సెంటీమీటర్ల లోతున. జెట్ తడి మధ్యలో, మొదలుకు మీటరున్నర దూరంలో. డ్రిప్పరు నోటి కింద పెడితే ఎప్పుడూ తడే చూపిస్తుంది, తడి బయట పెడితే ఎప్పుడూ ఎండే.

గరపలో 30 సెంటీమీటర్ల దగ్గర 30–40 కిలోపాస్కల్‌కు చేరినప్పుడు నీళ్లు, ఇచ్చిన మర్నాడు 10–15కి దిగాలి. 75 దగ్గరిది నెమ్మదిగా 20–40 మధ్య కదలాలి. అది ఎప్పుడూ 10 లోపే ఉంటే మీ గట్టి పొర మీద నీళ్లు నిలుస్తున్నాయి, విడతకు ఇచ్చే గంటలు 10 శాతం తగ్గించి వారం చూడండి. పైది బాగుండి కిందది వారం వారం ఎక్కుతూ పోతే చెట్టు కింది నిల్వ తినేస్తోంది, 10 శాతం పెంచండి. పీచువేరు గారి 75 శాతమూ, మిల్లీమీటరు గారి 100 శాతమూ ఇలాగే తేలుతాయి, వాదన అక్కర్లేదు. అసాయిలో 20 సెంటీమీటర్ల దగ్గర ఒకటి చాలు, 15–20 దాటనివ్వకండి.

టెన్సియోమీటర్ 80 దాటితే గొట్టంలో గాలి చేరి ముల్లు సున్నాకు పడిపోతుంది. సున్నా చూసి 'నేల తడిగా ఉంది' అని వాల్వు కట్టేస్తే అంతకన్నా ఎండబెట్టడం ఉండదు. సున్నా కనపడినప్పుడల్లా మూత తీసి గొట్టంలో నీళ్లున్నాయా చూడండి. పక్కనే ఆగర్‌తో (లోపలి మట్టి తోడే బరమాతో) ఒక గుప్పెడు మట్టి తీసి పిసకండి. గరప మట్టి ముద్దై, వేలితో తడితే విడిపోతే తేమ సరిపోయినట్టే. ముద్దే కట్టకపోతే ముల్లు ఏం చెప్పినా నీళ్లు వదలండి.

సెక్షన్‌కు ఒక వాటర్ మీటరు తప్పకుండా పెట్టించండి. గంటలు రాసుకుంటే ఫిల్టరు పూడుకున్న వారం కూడా అదే అంకె ఉంటుంది, మీటరైతే తగ్గి చూపిస్తుంది.